ఉరుముల వేసవి

"నువ్వు ప్రత్యేకంగా చెయ్యాల్సిందేమీ లేదు థెల్మా, మేం మాట్లాడుకుంటుంటే ఊరికే రాసుకో, చాలు" అన్నాడు మా ఆయన క్లైవ్. అప్పుడు నేను కోడిగుడ్డు సాండ్‌విచ్‌లకి అంచులు కోస్తున్నాను. అంచులుంటే బెర్ట్ టిమ్మిస్ కట్టుడు పళ్ళకి పట్టవు. గుడ్లు ఉడకబెట్టడం, వలిచి చిదపడం, ముందుగదిలో కుర్చీలు సర్దడం, బెర్ట్‌కి నడుం దగ్గర దిండు పెట్టడం, ఇవన్నీ ఆ 'ఏమీ లేదు'లో కలిసిపోతాయన్నమాట. చాకు కడిగి, నోటుబుక్కూ పెన్సిలూ తీసుకుని వెళ్ళి తలుపు పక్క కుర్చీలో కూర్చున్నాను. ఆ కుర్చీ నాదే. వంటింటికి దగ్గర.

రిటైరయ్యాక మగవాళ్ళకి ఏదో ఒకటి తగులుకుంటుంది. ఎదురింటాయనకి తేనెటీగలు తగులుకున్నాయి, మా ఆయనకి చరిత్ర. తేనెటీగలే నయం, వాటికి టీ ఇవ్వక్కర్లేదు. మా ఆష్‌వర్డిన్‌లో ఒకప్పుడు ప్యాక్‌హార్స్ అని పబ్బుండేది. మోతగుర్రం బొమ్మ ఉండేదట బయట. అరవై ఆరులో, మేం ఈ ఊరు రాకముందే, మూతపడింది. ఇప్పుడా ఇంటిని లండన్ వాళ్ళెవరో కొనుక్కుని గుమ్మానికి అటూ ఇటూ లావెండర్ కుండీలు పెట్టుకున్నారు. పబ్బు ఉండేదనడానికి మిగిలిన ఆనవాలు గుమ్మం పైన రెండు స్క్రూ చిల్లులు. పబ్బు ఎవరి పేరున ఉందో ఆ పేరు గుమ్మం మీద రాసి తీరాలని రూలు. 'సిరిల్ హోజ్‌కిస్, బీరు అమ్ముటకు అనుమతి పొందినవారు' అన్న బోర్డు ముప్ఫై ఏళ్ళు అక్కడ ఉంది. ఆ పబ్బు గురించి క్లైవ్ పుస్తకం రాస్తున్నాడు. అంటే ఊళ్ళో ముసలివాళ్ళు గుర్తున్నది చెబుతారు, క్లైవ్ తలూపుతాడు, నేను రాస్తాను.

నేను స్కూలు ఆఫీసులో ముప్ఫై ఏళ్ళు షార్ట్‌హ్యాండ్ రాసినదాన్ని. ఐదుగురు హెడ్‌మాస్టర్లు మారారు. "థెల్మా లేకపోతే ఈ స్కూలు నడవదు" అని ఐదుగురూ అన్నారు. ఆ ఐదుగురి ఫొటోలూ ఇప్పటికీ అక్కడ నడవాలో వరసగా వేలాడుతున్నాయి. వాటిని తగిలించే తీగె కొనుక్కొచ్చింది నేనే. అందుకని నా పెన్సిలుకి ఒక అలవాటుంది. ముఖ్యమైనదా కాదా అని చూడదు, గదిలో ఎవరి నోట్లోంచి ఏ మాట వచ్చినా పట్టేసుకుంటుంది.

"సిరిల్ పోసిన బీరు అమృతం అనుకో" అన్నాడు బెర్ట్. ఆయనకి ఎనభై నాలుగు. "అది ఆయన చేతిలో ఉంది నాయనా. కొందరి చేతికి అలా కుదురుతుంది. పైగా మనిషి ఎంత సరదా! పందెం వేసి పందిని బారులోకి తోలుకొచ్చి, టోపీ పెట్టి కూర్చోబెట్టాడు. పోలీసాయన దానికి గుడ్ ఈవెనింగ్ చెప్పాడు!"

వచ్చిన నలుగురు ముసలాళ్ళూ పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను, పంది కథ నిజంగా బావుంది.

"ఆ ఏభై ఏడు వేసవి ఒక్కటే" అని బెర్ట్ మొహం చిన్నబుచ్చుకున్నాడు. "ఆరు వారాల పాటు నోట్లో పెట్టుకోలేకపోయాం. మడ్డి, పులుపు. అంతా ఉరుముల మూలాన! బీరుకి ఉరుము పడదు. ఒక్కసారి ఉరిమిందా, పీపా మొత్తం పులిసి కూర్చుంటుంది."

"అవునవును, ఏం ఉరుములు, ఏం ఉరుములు!" అన్నారు మిగతా ముగ్గురు.

క్లైవ్ అప్పటికే ఆ అధ్యాయానికి 'ఉరుముల వేసవి' అని పేరు పెట్టేసుకున్నాడు. వాతావరణ శాఖకి ఉత్తరం కూడా రాశాడు, అంటే చెబుతుంటే నేను టైపు చేశాను. ఆ ఆరు వారాల్లో మా వైపు ఉరుములు నమోదైంది ఒక్కరోజేనని జవాబొచ్చింది. "ప్రభుత్వ కాగితాలు ఎప్పుడూ ఇంతే" అని దాన్ని డ్రాయరులో పడేశాడు. నలుగురు బతికున్న సాక్షులుండగా కాగితం ఎవరిక్కావాలి!

"మరి సిరిల్ గారి భార్య?" అన్నాను నేను.

బెర్ట్ పైకప్పు వంక చూశాడు. "ఉండేది. లోపలెక్కడో. మంచావిడ పాపం, నోట్లో నాలుక లేదు."

"ఆవిడ పేరు?"

"మిసెస్ హోజ్‌కిస్" అన్నాడు బెర్ట్, ఇదేం ప్రశ్న అన్నట్టు.

"థెల్మా, విషయాన్ని పక్కదారి పట్టించకు" అన్నాడు క్లైవ్. "ఇంకో కప్పు టీ దొరుకుతుందా?"

పెన్సిలు అది కూడా రాసుకుంది.

వాళ్ళు వెళ్ళాక, మిగిలిన నాలుగు సాండ్‌విచ్ ముక్కలూ కాగితంలో చుట్టుకుని డిల్లీస్ ప్రీస్ ఇంటికి వెళ్ళాను. ఎనభై ఎనిమిదేళ్ళ మనిషి, వీధి చివర ఒంటరిగా ఉంటుంది, అరవై మూడేళ్ళ నన్ను ఇప్పటికీ 'పిల్లా' అంటుంది. వారం వారం ఏదో ఒకటి పట్టుకెళ్తూనే ఉంటాను కానీ పబ్బు సంగతి ఆవిడనెప్పుడూ అడగలేదు. ఎందుకడగలేదంటే ఏం చెప్పను, నాకూ తట్టలేదు. పబ్బంటే మగవాళ్ళ సంగతి అనే అనుకున్నాను. సిగ్గుగా ఉంది చెప్పుకోవడానికి.

"ప్యాక్‌హార్స్ గురించా? మగాళ్ళనడిగి రాస్తున్నారా?" డిల్లీస్ కళ్ళజోడు పైకి తోసుకుంది. "వాళ్ళకేం తెలుసే పిల్లా, వాళ్ళు లోపల కూర్చున్నవాళ్ళు!"

నేను కాగితం విప్పి సాండ్‌విచ్‌లు ఆవిడ ముందు పెట్టాను.

"మేం బారులోకి వెళ్ళేవాళ్ళం కాదు కదా. వద్దని ఎవరూ రాసి పెట్టలేదు. వెళితే మాత్రం ఊళ్ళో మెడలన్నీ ఇటు తిరిగేవి. మాకు పక్క సందులో కిటికీ ఉండేది, ఇదిగో, ఇంతది. జగ్గు లోపలికి పెడితే నిండి బయటికొచ్చేది. ఆ కిటికీలోంచి చూస్తే ఏం కనపడేదనుకున్నావ్? నేలమాళిగ మెట్లు! ఆ మెట్లు ఎక్కేదీ దిగేదీ ఒక్కతే. వినీ."

"వినీ ఎవరు?"

"వినిఫ్రెడ్. హోజ్‌కిస్ పెళ్ళాం. బీరంతా ఆవిడదే. పొద్దున్నే ఐదింటికి దిగి గొట్టాలు కడిగేది, పీపాల మీద తడి గోనెపట్టాలు కప్పేది, రెండ్రోజులు కదపకుండా తేటపడనిచ్చి అప్పుడు కుళాయి కొట్టేది. సిరిల్ కింద ఎప్పుడైనా కాలు పెడితే ఒట్టు. సాలెపురుగులంటే హడల్ ఆ మహానుభావుడికి! పైన నిలబడి పోయడం, పోస్తూ కబుర్లు చెప్పడం, అంతే."

"మరి ఏభై ఏడులో ఉరుములు?"

డిల్లీస్ నవ్వింది చూడండీ, సాండ్‌విచ్ ముక్క కొరకబోయి ఒళ్ళో వేసుకుంది. నవ్వుతూనే లేచి, బిస్కెట్ల డబ్బా దింపి, అడుగునుంచి ఒక పోస్టుకార్డు తీసింది. సముద్రం బొమ్మ. బార్మత్, ఆగస్టు, పంతొమ్మిది వందల ఏభై ఏడు.

"వినీ ఆ ఏడు ఒక్క వారం సముద్రం దగ్గరికి వెళ్ళొస్తానంది. వాళ్ళక్క అక్కడ గదులు అద్దెకిచ్చేది. సిరిల్ బారులో అందరి ముందూ నవ్వేశాడట, 'నువ్వు చేసే పనేముందే అలిసిపోవడానికి' అని. ఒక్క వారం అడిగిన మనిషి ఆరు వారాలుండిపోయింది. పరువు పోతుందని సిరిల్ ఎవరితోనూ అనలేదు. ఎవరూ అడగనూ లేదు. పీపాలు మాత్రం వచ్చినవి వచ్చినట్టే పులిశాయి. చదువు, ఏం రాసిందో చూడు."

రెండే వాక్యాలున్నాయి. 'సముద్రం బావుంది. నా కోసం ఎవరైనా అడిగారా?'

"నువ్వేం జవాబిచ్చావ్?"

"అబద్ధం ఎలా రాస్తానే? 'మనుషులడగలేదు వినీ, బీరు అడుగుతోంది' అని రాశాను."

ఇద్దరం కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వుకున్నాం. నవ్వు ఆగాక నా కళ్ళల్లో నీళ్ళు మాత్రం ఆగలేదు. ఆరు వారాలు! ఎదురుగా ఉన్న గ్లాసులో మడ్డి తేలిందని నలభై మంది మగవాళ్ళు గొడవపడ్డారు, ఆకాశాన్ని తిట్టారు, ఇంట్లో మనిషి లేదన్న ఆలోచన ఒక్కడికీ రాలేదు. వినీ తిరిగొచ్చాక ఒకే ఒక కోరిక కోరిందట. గుమ్మం మీద బోర్డులో తన పేరు కూడా రాయించమని. మొగుడు బతికుండగా పెళ్ళాం పేరెందుకన్నారట బీరు కంపెనీవాళ్ళు. తొమ్మిదేళ్ళు చూసి, అక్క పోయాక బార్మత్‌లో ఆ ఇల్లు తనకొస్తే సామాను సర్దుకుని వెళ్ళిపోయింది. పబ్బు నాలుగు నెలలు తిరక్కుండా మూతపడింది. సిరిల్ కూడా పెట్టె పట్టుకుని వెనకాలే వెళ్ళి, వరండాలో కూర్చుని అతిథులకి పంది కథ చెప్పుకుంటూ హాయిగా గడిపాడట. ఆ ఇంటి గేటు మీద మాత్రం పేరు 'డబ్ల్యూ. హోజ్‌కిస్'.

ఇంటికి పరుగులాంటి నడకతో వచ్చి క్లైవ్‌కి అంతా చెప్పాను. చెబుతుంటే నా గొంతు నాకే చిన్నపిల్ల గొంతులా వినిపించింది. ఆయన ఓపిగ్గానే విన్నాడు, అదొక్కటీ ఒప్పుకోవాలి.

"చాలా సరదాగా ఉంది థెల్మా. కానీ ఇది కిటికీలోంచి చూసిన విషయం. ఒక్క ముసలావిడ. ఇటు నలుగురు చెబుతున్నారు ఉరుములని."

"కార్డుంది క్లైవ్. వాతావరణ శాఖ ఉత్తరం ఉంది."

"పోనీ ఒక వాక్యం కలుపుదాం. 'ఆయన సతీమణి కూడా తగినంత సహకారం అందించారు.' సరేనా? శుక్రవారానికి నోట్సంతా టైపు చేసివ్వు, ప్రెస్సుకి పంపాలి." నా మొహం చూసి, ఊరడించడానికి కాబోలు, ముందుమాట కాగితం చేతిలో పెట్టాడు. చివరి వరస వేలితో చూపించాడు. 'టైపింగుకూ సాండ్‌విచ్‌లకూ నా భార్యకు కృతజ్ఞతలు.' నా పేరు లేదు. మిసెస్ హోజ్‌కిస్ అన్న బెర్ట్ గొంతు చెవిలో వినిపించింది.

మర్నాడు మధ్యాహ్నం క్లైవ్ బౌల్స్ ఆటకి వెళ్ళగానే మూడు నోటుబుక్కులూ ముందేసుకుని కూర్చున్నాను. టైపు చెయ్యడానికే కూర్చున్నాను, నిజం. సిరిల్ నవ్వు, పంది, పందేలు, అన్నీ ఉన్నాయి. వాటి మధ్యలో నా పెన్సిలు పట్టుకున్నవి కూడా ఉన్నాయి. 'థెల్మా, ఇంకో కప్పు.' 'థెల్మా, కిటికీ వెయ్యి.' 'థెల్మా, బెర్ట్ కోటు ఎక్కడ పెట్టావ్?' లెక్కపెట్టాను, నలభై ఒక్కసార్లు. పెళ్ళైన కొత్తలో మా అత్తగారు నన్ను పక్కకి పిలిచి "క్లైవ్‌కి టీ చల్లారితే తలనొప్పి వస్తుందమ్మా, గుర్తుపెట్టుకో" అన్నారు. నలభై ఏళ్ళుగా గుర్తుపెట్టుకున్నాను. నాకు తలనొప్పి ఎందుకొస్తుందో ఆవిడా అడగలేదు, నేనూ ఎవరికీ చెప్పలేదు. క్లైవ్ చెడ్డవాడు కాదు. నా పుట్టినరోజు మర్చిపోడు, చలికాలం నా వైపు దుప్పటి లాక్కోడు. ఆ మాటకొస్తే సిరిల్ కూడా చెడ్డవాడు కాదుగా. మంచివాళ్ళ ఇళ్ళల్లోనే మనిషి కనబడకుండా పోయేది, అందుకే ఇంతకాలం నాకు కోపం రాలేదు. ఇప్పుడొచ్చింది. వచ్చి, విచిత్రంగా, ఆకలి కూడా వేసింది. రెండు గుడ్లు వేయించుకుని, అంచులున్న రొట్టెతో తిన్నాను.

శుక్రవారం క్లైవ్ కాగితాల కోసం చెయ్యి చాపాడు. నోటుబుక్కులు ఇచ్చాను.

తిరగేశాడు. తలకిందులుగా పెట్టి చూశాడు. "ఏంటిది, కోడి కెలికినట్టుంది?"

"షార్ట్‌హ్యాండ్."

"నాకెలా అర్థమవుతుంది? ఇదంతా చదవగలిగేది ఎవరు?"

"నేనొక్కదాన్నే క్లైవ్" అన్నాను. అని, ఆ మాట నాకే కొత్తగా వినిపించి నవ్వొచ్చింది. "అందుకే పుస్తకం నేను రాస్తున్నాను. పంది ఉంటుంది, సిరిల్ ఉంటాడు, నీకు కృతజ్ఞతలు కూడా ఉంటాయి, పేరుతో సహా. అట్ట మీద పేరు మాత్రం నాది. రాయడానికి బార్మత్ వెళ్తున్నాను. వినీ ఇంట్లో ఇప్పటికీ గదులు అద్దెకిస్తున్నారట, ఒక వారానికి తీసుకున్నాను."

"మరి మంగళవారం బెర్ట్ వాళ్ళొస్తారు కదా?"

"గుడ్లు గూట్లో ఉన్నాయి" అని నోటుబుక్కులు ఆయన చేతిలోంచి తీసుకుని సంచిలో పెట్టుకున్నాను.

బార్మత్‌లో నా గది పైఅంతస్తులో ఉంది, బల్ల కిటికీకి ఆనించి ఉంది. మొదటి రెండు రోజులు ఒక్క అక్షరం రాయలేదు. ఎవరో చేసి పెట్టిన టీ తాగాను, చెప్పులు చేత్తో పట్టుకుని నీళ్ళల్లో నడిచాను. మూడోరోజు ఒక కార్డు కొని డిల్లీస్‌కి రెండే వాక్యాలు రాశాను. 'సముద్రం బావుంది. నా కోసం ఎవరైనా అడిగారా?'

నాలుగు రోజుల్లో జవాబొచ్చింది. వణుకుతున్న చేతిరాత, ఒక్కో అక్షరం నవ్వుతోంది. 'అడిగారే పిల్లా. మీ ఆయన రెండుసార్లు వచ్చాడు. ఒకసారి టీ పొడి ఎక్కడుంటుందని, ఒకసారి గుడ్లు ఎంతసేపు ఉడకాలని. బెర్ట్ మాత్రం ఈమధ్య మీ ఇంట్లో సాండ్‌విచ్‌లు బావుండట్లేదు, వాతావరణం మారినట్టుంది అన్నాడు.'

కార్డు పట్టుకుని మెట్లు దిగి, గది ఇంకో ఐదు వారాలు నా పేరునే ఉంచమని చెప్పొచ్చాను. పైకి వచ్చి, కిటికీ తెరిచి, పుస్తకంలో మొదటి వాక్యం రాశాను.

'ఆ వేసవిలో ఉరుములేమీ లేవు.'