పెద్ద తొట్టిలో వేయవద్దు

దేవమ్మ సన్నని కాగితపు పట్టీని తొట్టి నీళ్ళలో ముంచి తీసి, అడ్డంగా పట్టుకుని పదిహేను దాకా లెక్కపెట్టింది. పట్టీ మీది చిన్న గళ్ళు ఒక్కొక్కటే రంగు తిరిగాయి. వాటిని డబ్బా మీది రంగుల పక్కన పెట్టి, కిటికీ వెలుతురులో కళ్ళు చిట్లించి చూసింది. లేత గులాబీ, లేత నారింజ. నీళ్ళు బాగున్నాయి. వేడి చూపించే అంకె ముప్పై ఎనిమిది దగ్గర నిలబడి ఉంది. కొంగుకు చెయ్యి తుడుచుకుని, గోడకు వేలాడే నోటుపుస్తకంలో తేదీ వేసి, కింద "నీళ్ళు బాగున్నవి" అని రాసింది. రాయడం పూర్తయ్యాక వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం మీదుగా మళ్ళీ చదివింది. రెండు నెలలుగా ఏది రాసినా ఇట్లా రెండుసార్లు చదువుతోంది.

మారేడ్‌పల్లిలో ఒక సందు చివర డాక్టర్ కల్పలత నడిపే నొప్పుల చికిత్స కేంద్రం అది. మేడ మీద గదిలో ఆరుగురు కూర్చోగల గుండ్రటి తెల్ల తొట్టి. గోడల్లోని రంధ్రాల నుంచి వేడినీళ్ళు గాలితో కలిసి దూసుకొచ్చి, పట్టేసిన మోకాళ్ళనూ నడుములనూ మర్దన చేస్తాయి. ఆ తొట్టిని చూసుకోవడం దేవమ్మ పని. ఉదయం ఆరింటికి మూత తీస్తుంది. నీళ్ళు వడకట్టే జాలీ విప్పి, కుళాయి కింద ఒక్కొక్క మడత విడదీసి కడుగుతుంది. జాలీలో ఏం చిక్కుకుందో చూసి నిన్న ఎవరు తలకు నూనె రాసుకొచ్చారో, ఎవరు సబ్బు సరిగా కడుక్కోలేదో చెప్పగలదు.

ఎనిమిదింటికి శ్రీలలిత వచ్చింది. బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. నడుము నొప్పితో ఈ వారమే చేరింది. చేతిసంచిలోంచి ఒక స్టీలు డబ్బా తీసి మూత విప్పింది. సున్నిపిండి వాసన గదంతా కమ్ముకుంది.

"అమ్మా, గా డబ్బా పక్కకు పెట్టుండ్రి," అంది దేవమ్మ.

"ఇంట్లో పట్టించిందేనమ్మా. పెసలు, బియ్యం, కచ్చూరాలు. కెమికల్ అన్న మాట లేదు."

"ఇంట్లదైనా దుకాణందైనా గీ తొట్టికి ఒకటే. పిండి పోయి జాలీల కూసుంటది. నూనె మీద తేల్తది, నీళ్ళల్ల ఏసిన మందు పని చెయ్యదు. తానం చేసే నీళ్ళు గావమ్మా ఇవి. తానం చేసొచ్చినంక కూసునే నీళ్ళు."

"స్నానం చేసి మళ్ళీ నీళ్ళలో కూర్చోడమేమిటే తల్లీ!" శ్రీలలిత నవ్వింది.

"నేను సుత మొదట్ల గట్లనే నవ్విన. పోయి తలకు పోస్కొని రాండ్రి. సబ్బు జిడ్డు గింత ఉండొద్దు."

శ్రీలలిత పక్కనున్న స్నానాల గది వైపు నడుస్తూ అరల దగ్గర ఆగింది. పై అరలో ఈ తొట్టి కోసమే తయారైన ఉప్పు డబ్బా. దాని మీద తెల్ల చీటీ. 'పెద్ద తొట్టిలో వేయవచ్చు.' కింది అరలో కాళ్ళ తొట్టికి వాడే సీసాలు. కాళ్ళ తొట్టి చిన్నది, వాడిన ప్రతిసారీ నీళ్ళు పారబోసి కడిగేస్తారు. అందులో నూనైనా నురగైనా ఫరవాలేదు. ఆ సీసాలన్నిటి మీదా 'పెద్ద తొట్టిలో వేయవద్దు' అని ఉంది. ఒక్క సీసాకు మాత్రం చీటీ లేదు.

"ఎవరు రాశారివి? అచ్చు గుద్దినట్టున్నాయి అక్షరాలు."

"నేనే," అంది దేవమ్మ. ఒకప్పుడైతే ఆ మాట మరికాస్త గట్టిగా అనేది.

ఆమె భర్త బిక్షం రైల్వే గూడ్స్ షెడ్డులో హమాలీ. పదకొండేళ్ళ కిందట అతను పోయినప్పుడు, ఎవరో చూపించిన చోటల్లా వేలిముద్ర వేసింది. ఎన్ని కాగితాలో గుర్తులేదు. బొటనవేలికి అంటిన నీలం సిరా మాత్రం దినాలు అయ్యేదాకా పోలేదు. సున్నంతో తోమినా గోటి మూలల్లో నిలిచింది. ఆ తర్వాత మల్కాజ్‌గిరిలో తన బస్తీ కమ్యూనిటీ హాలులో పెద్దవాళ్ళకు చదువు చెబుతున్నారంటే, యాభై రెండేళ్ళ వయసులో పలక పట్టుకుని వెళ్ళి కూర్చుంది. పేరు రాయడానికి నెల పట్టింది. వత్తులు రావడానికి ఏడాది. వచ్చాక బస్సు బోర్డులు చదివింది, మందుల చీటీలు చదివింది, బస్తీలో పెళ్ళిపత్రికలన్నీ తనే చదివి వినిపించింది. ఇక్కడ సీసాలకు చీటీలు కావాల్సి వచ్చినప్పుడు డాక్టరు కాగితం మీద రెండు వరుసలు రాసిచ్చి, చూసి రాయమంది. దేవమ్మ ఒక మధ్యాహ్నమంతా కూర్చుని ఇరవై చీటీలు రాసి అంటించింది. అందులో ఒక నూనె సీసా మీద 'వద్దు' అని రాయాల్సిన చోట 'వచ్చు' అని రాసింది. తను ఏం రాస్తున్నాననుకుందో అదే కనబడింది కంటికి. మళ్ళీ చదువుకోలేదు.

చదివింది సుమిత్ర.

సుమిత్ర దేవమ్మతో పాటు పనిచేసేది. ఇద్దరు పిల్లల తల్లి, పదో తరగతి దాకా చదివింది. రెండు నెలల కిందట ఒక ఉదయం ఆ సీసాలోంచి రెండు మూతల సబ్బు కలిసిన సువాసన నూనె పెద్ద తొట్టిలో పోసి, గాలి వదిలే మీట నొక్కింది. నిమిషంలో నురగ అంచు దాటి నేల మీదికి పొర్లింది. లోపలున్న షంషున్నీసా బేగం భయపడి లేచి, మెట్టు మీద జారి పడింది. కుడి మణికట్టు విరిగింది. ఆమెను అందరూ కలిసి కిందికి తీసుకెళుతుంటే, నురగలో దొర్లుతున్న సీసాను దేవమ్మ చేతిలోకి తీసుకుంది. అప్పుడు చదివింది, వేరొకరి రాతను చదివినట్టు. చీటీ బాగా తడిసి ఉంది. బొటనవేలితో ఒక్కసారి నెడితే ఊడి వచ్చింది.

"సీసా మీద వెయ్యొచ్చనే ఉంది మేడం," అని సుమిత్ర ఏడ్చింది. డాక్టరు సీసా తిప్పి చూసింది. ఏమీ లేదు. ఆ రోజుతో సుమిత్ర పని పోయింది. వచ్చేవాళ్ళు కూడా సగానికి తగ్గారు. ఇక ఒక్క మనిషి చాలని డాక్టరు అంది. ఆ ఒక్క మనిషి దేవమ్మ.

పదకొండింటికి షంషున్నీసా వచ్చింది. పడిన తర్వాత రావడం ఇదే మొదలు. కట్టు విప్పిన చెయ్యి రెండోదానికంటే సన్నగా, పాలిపోయి ఉంది. డెబ్బై దాటిన మనిషి. భర్తకు గడియారం స్తంభం దగ్గర దర్జీ దుకాణం ఉండేది. ఆయన పోయినా చొక్కాలకు కాజాలు కుట్టే పని ఈమె మానలేదు.

"ఏం దేవమ్మా, మల్ల ఉడకబెడ్తవా నన్ను?"

"పావుగంటనే అమ్మీ."

"జెర గడియారం చూడు. ఎక్కువుంచితే మేక కాళ్ళ పాయా అయిపోత."

దేవమ్మ ఆమె మోచేయి పట్టుకుని ఒక్కొక్క మెట్టే దింపింది. షంషున్నీసా నీళ్ళలో కూర్చుని కళ్ళు మూసుకుంది. విరిగిన చేతిని నీళ్ళ మీదికి తేల్చి, వేళ్ళు మడిచి చూసుకుంది. బొటనవేలూ చూపుడువేలూ కలవడం లేదు. సూది పట్టాల్సిన వేళ్ళవి.

"ఆ పిల్ల ఏది? సుమిత్ర?"

"మానేసింది."

"మానేసిందా, మాన్పిచ్చిండ్రా?"

దేవమ్మ గడియారం వైపు చూసింది. నీళ్ళ చప్పుడు పెద్దదిగా వినిపించింది.

"అడిగింది నేను. ఎల్లుండి మనుమరాలి నిఖా, మంచి ఖుష్బూ వచ్చేటిది ఏదన్న వెయ్యి బేటా అన్న. పాపం, సీసా దగ్గరికి పట్టుకొని చదివింది. నాకు తెలుగు చదవరాదు, గందుకని పైకి చదివింది. వెయ్యొచ్చని ఉందమ్మీ అన్నది. డాక్టరమ్మకు గిదే చెప్పిన. మీరు నొప్పిల ఉండిరి, సరిగ యాదికుండదు అన్నది." షంషున్నీసా కళ్ళు తెరిచింది. "నాకు ఇరిగింది చెయ్యి దేవమ్మా. చెవులు గాదు."

పావుగంట అయింది. దేవమ్మ మీట ఆపింది. ముసలామెను పైకి తీసుకొచ్చి, తువ్వాలు చుట్టి, కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చింది. వెళ్ళేటప్పుడు షంషున్నీసా ఎడమ చేత్తో దేవమ్మ భుజం తట్టి మెట్లు దిగింది.

ఒంటిగంటకు డాక్టరు తన గదిలో అన్నం తింటోంది. దేవమ్మ సంచిలోంచి పాత చదువు పుస్తకం తీసి, చివరి పేజీ తెరిచి బల్ల మీద పెట్టింది. ఆ పేజీలో ఒక చీటీ మెతుకులతో అంటించి ఉంది. అక్షరాల చుట్టూ సిరా నీలంగా పాకింది.

"పెద్ద తొట్టిలో వేయవచ్చు," చదివింది కల్పలత. "ఉప్పు డబ్బాది కదా?"

"గాదు మేడం. నూనె సీసది."

కల్పలత చేతిలోని ముద్ద కంచంలో పెట్టేసింది.

"నువ్వే తీశావా?"

"నేనే రాసిన. నేనే తీసిన."

"రెండు నెలలు! ముందే ఎందుకు చెప్పలేదు దేవమ్మా?"

దేవమ్మ పుస్తకాన్ని తన వైపు తిప్పుకుంది. "రాసుడొచ్చిందని బస్తీ అంత చెప్పుకున్న మేడం. తప్పు రాసిన అని చెప్పనీకి నోరు రాలే."

"సుమిత్రను పిలవాలి. కానీ ఇద్దరిని పెట్టుకునే పరిస్థితి కాదు నాది. నీకు తెలుసు."

"తెలిసే చెప్తున్న."

కల్పలత చెయ్యి కడుక్కుని, ఫోను బల్ల మీద పెట్టి స్పీకరు నొక్కింది. సంగతి చెప్పింది. అవతల కుక్కరు కూత, ఎవరో పిల్ల గొంతు.

"పెద్దమ్మ ఆడనే ఉన్నదా?" అంది సుమిత్ర.

"ఉన్న బిడ్డా."

"నా మొగడు సుత నమ్మలే పెద్దమ్మా. పదో తరగతి చదివి గింత చదవరాలేదా అన్నడు. నేను సుత నా కండ్లే తప్పు చూసినయేమో అనుకున్న."

దేవమ్మ రెండు చేతులూ బల్ల అంచున ఆనించింది. "నీ కండ్లు మంచిగనే చూసినయి బిడ్డా. నా చెయ్యే తప్పు రాసింది."

"రేపు ఎన్నింటికి రావాలె మేడం?" అంది సుమిత్ర.

"ఆరింటికి."

ఫోను ఆగింది. మధ్యాహ్నం నలుగురు వచ్చారు. దేవమ్మ అందరినీ ఎప్పటిలాగే స్నానం చేయించి దింపింది, గడియారం చూసి లేపింది. ఐదింటికి జాలీ విప్పి కడిగింది. అంచు మీద సున్నిపిండి రేణువులు రెండు కనబడితే శ్రీలలిత గుర్తొచ్చి కొంచెం నవ్వుకుంది. అరల దగ్గరికి పోయి చీటీ లేని సీసా దించి, పొడిగుడ్డతో తుడిచి, డాక్టరు దగ్గర ఒక తెల్ల కాగితం అడిగింది.

"నేను రాసివ్వనా?" అంది కల్పలత.

"వద్దు మేడం. నేనే రాస్త. మీరు చదువుండ్రి."

నేల మీద కూర్చుని, పీట మీద కాగితం పెట్టుకుని రాసింది. పెన్ను గట్టిగా ఒత్తడంతో ఒకచోట కాగితం చిరగబోయింది. కల్పలత వంగి పైకి చదివింది. దేవమ్మ తల ఊపి, చీటీని సీసాకు అంటించి, బొటనవేలితో నాలుగు మూలలా అదిమింది. తర్వాత తొట్టి మీద మూత దించి, రోజూ వెంట తీసుకెళ్ళే తాళంచెవిని సుమిత్ర కోసం కొక్కేనికి తగిలించి, సంచి భుజాన వేసుకుంది.

"పోయొస్త మేడం," అంది. మల్కాజ్‌గిరి బస్సు సందు మలుపులో హారన్ కొడుతుంటే తొందరగా మెట్లు దిగింది.

మేడ మీద మూత సందుల్లోంచి ఆవిరి సన్నగా లేస్తోంది. కింది అరలోని నూనె సీసా మీద చీటీ ఇంకా ఆరలేదు. దాని మీద 'ద్దు' ఒక్కటి మిగతా అక్షరాలకంటే రెండింతలు పెద్దగా ఉంది.