బతికే ఉందని టెలిగ్రాం

ఇంక ఇంటికి తీసుకుపొండని ఆసుపత్రిలో చెప్పేశాక, మా అమ్మ శౌరమ్మని గుణదల తీసుకొచ్చి ముందుగదిలో పడుకోబెట్టాం. గొంతులోకి గంజి కూడా దిగటంలేదు. కళ్ళు మాత్రం గుమ్మం మీదే. "అంతోని వస్తాడా తెరేసా? వాణ్ణొక్కసారి చూసి పోతానే" అని ఒకటే గోల. మా తమ్ముడు అంతోనికి ఖరగ్‌పూర్ రైల్వేలో ఉద్యోగం.

పక్కింటి వీరభద్రరావు గారు రిటైరైన ఇంగ్లీషు మాస్టారు. ఆయన్ని వెంటబెట్టుకుని గవర్నర్‌పేటలో టెలిగ్రాం ఇవ్వడానికి వెళ్ళాను.

"'మదర్ సీరియస్' చాలమ్మా" అన్నారు మాస్టారు.

"వద్దండీ. మా నాన్న పోయినప్పుడు తమ్ముడికి అదే ఇచ్చాం."

చావు కబురు చల్లగా చెప్పాలంటారుగా. ఎవరు పోయినా మా వాళ్ళు సీరియస్ అనే కొడతారు, దారిలో మనిషి కుప్పకూలిపోకూడదని. తీరా వచ్చి చూస్తే శవప్పెట్టె సిద్ధంగా ఉంటుంది.

మాస్టారు కళ్ళజోడు సవరించుకున్నారు. "అయితే 'వెరీ సీరియస్' అందాం. ఉహూఁ, 'క్రిటికల్' ఇంకా గట్టిది. 'గ్రేవ్' అయితే దాన్ని మించి. చివర 'వెరీ అర్జెంట్' పెడదామా, 'మోస్ట్ అర్జెంట్' పెడదామా? రెంటికీ తేడా ఉందమ్మా..."

నాకు ఒళ్ళు మండిపోయింది. అక్కడ అమ్మ కొన ఊపిరితో ఉంటే ఇక్కడ ఈయన పాఠం!

"మాస్టారూ, మీరు మాట పెంచేకొద్దీ మా అమ్మ ఇంకా ఇంకా చచ్చిపోతోందండీ! బతికే ఉందని రాయండి."

"అలా ఎవరూ రాయరమ్మా."

"నేను రాయిస్తున్నానుగా!"

ఆయన మూతి ముడుచుకునే రాశారు. 'మదర్ అలైవ్. స్టార్ట్ ఇమ్మీడియట్లీ.'

తమ్ముడికి కబురు వెళ్ళిందని చెబితే అమ్మ రెండు చెంచాల గంజి తాగింది. వాడొచ్చేసరికి తల దువ్వి ఉంచమంది. ఆ మొహంలో వెలుగు చూసి నాకు ఏడుపొచ్చింది.

వాడొచ్చిన రోజు పొద్దున్నే వీధి మొగలోంచి ఏడుపు వినిపించింది. "అమ్మా, నన్నొదిలి పోయావా అమ్మా!" బయటికి ఉరికాను. రిక్షాలోంచి మరదలు తెల్లచీరలో దిగుతోంది. తమ్ముడి చేతిలో ఇంత లావు చేమంతి దండ.

"నోరు ముయ్యరా! బతికే ఉందిరా!" అని అరిచాను. అప్పటికే వాడు గుమ్మంలో ఉన్నాడు. మంచం మీంచి అమ్మ వాణ్ణి చూస్తోంది. చూసి, దండ వంక చూసింది.

వాణ్ణి పక్కకి లాగాను. "అలైవ్ అని ఇచ్చాం కదరా, సన్నాసీ!"

"బతికుంటే బతికుందని టెలిగ్రాం ఎవరిస్తారక్కా?" అన్నాడు వాడు. "పోయిందంటే నేను రైల్లో ఏమైపోతానో అని అలా కొట్టించావనుకున్నా."

వాణ్ణి కొట్టాలనిపించింది. వాటేసుకుని ఏడవాలనీ అనిపించింది.

అమ్మ చెయ్యి చాపింది. వాడు వెళ్ళి మంచం పక్కన కూలబడ్డాడు. వాడి తల నిమిరి, నన్ను పిలిచింది.

"తెరేసా, ఆ దండ మీద నీళ్ళు చల్లి ఉంచవే. వాడిపోతుంది."

చల్లాను. ఇంకేం చెయ్యను? సాయంత్రం అదే వేశాం.