కర్ణుణ్ణి లేపాల్సిన బిడ్డ

మా అత్తగారింట్లో ఒక పద్ధతి ఉంది. కర్ణుడి వేషం కట్టినవాడు రంగం మీద పడిపోయాక, తెర దించినా తనంతట తాను లేవకూడదు. కన్నబిడ్డ వచ్చి "నాన్నా, లే" అని పిలవాలి.

మా మామయ్య బాలసుబ్రహ్మణ్యం గారు ఆఖరిసారి ఆ వేషం కట్టిన రోజు మా ఆయనకు తొమ్మిదేళ్ళు. జ్వరంతో ఇంట్లోనే ఉండిపోయారట. పిలిచే బిడ్డ లేక మామయ్య తనే లేచారు. మూడో రోజు కంచికచర్లలో బస్సు దిగుతూ కూలబడ్డారు. మళ్ళీ లేవలేదు. పెళ్ళయిన వారానికే మా అత్తయ్య ప్రసూనాంబ గారు నాకు ఈ సంగతి చెప్పారు.

పాతికేళ్ళకు ఆ వేషం మళ్ళీ మా ఇంటికి వచ్చింది. నందిగామలో నాటక పోటీలు. మా ఆయన ఉదయభాస్కర్ గారి బృందానికి పొద్దున పదకొండింటికి వంతు, కర్ణుడు ఆయనే. వారం ముందునుంచే అత్తయ్య మా నాలుగేళ్ళ జాహ్నవి చేత ఆ రెండు మాటలూ అనిపించాలని చూశారు. పాప నవ్వేది, నోరు విప్పేది కాదు. వాళ్ళ నాన్నకీ ఐదో ఏటగానీ మాట రాలేదులే అని సర్దిచెప్పుకునేవారు.

నాకు మాత్రం తెలుసు. కుక్కర్ కూసినా అది తిరిగి చూడదు. వెనకనుంచి గిన్నెలు పడేసి చూశాను, ఒకసారి కాదు, పదిసార్లు. అంగన్‌వాడీ టీచరు జాయిస్ గారు విజయవాడలో చెవి పరీక్ష చేయించమని చీటీ రాసిచ్చి ఎనిమిది నెలలైంది. ఆ చీటీ బియ్యం డబ్బా అడుగున ఉంది. ఇంటర్ మొదటి ఏడాదితోనే చదువాగిపోయినదాన్ని, బిడ్డను కూడా సరిగ్గా కనలేదంటారని భయం.

ఆ రోజు హాల్లో శంఖం ఊదారు, ఢంకా మోగించారు. ముందు వరసలో పిల్లలు ఉలిక్కిపడి ఏడ్చారు. జాహ్నవి నా గాజులతో ఆడుకుంటూనే ఉంది. తాత పోలికే, ఎంత ధైర్యమో అని అత్తయ్య పక్కావిడతో మురిసిపోయారు.

కుంతి వచ్చి నువ్వు నా బిడ్డవేనని కర్ణుడికి చెప్పేటప్పుడు నేను తలెత్తలేకపోయాను. లోకానికి జడిసి అన్నేళ్ళు నోరు మూసుకున్న తల్లి. కర్ణుడి కొడుకుల్లో చివరికి వృషకేతుడొక్కడే మిగిలాడనీ, తండ్రిని చంపిన చేతులే వాణ్ణి పెంచాయనీ మా ఆయన చెప్పేవారు. ఆ తల్లి ముందే చెప్పి ఉంటే ఎంతమంది బతికేవారో.

రథచక్రం కుంగింది. ఆయన పడ్డారు. తెర దిగింది.

అత్తయ్య పాపను తీసుకెళ్ళి ఆయన పక్కన నిలబెట్టారు. పాప కిరీటం మీది పూసలు చూస్తోంది. తర్వాతి నాటకం వాళ్ళు సామాన్లతో కాచుకుని ఉన్నారు.

"త్వరగా లేపు తల్లీ, అవతల అర్జునుడు అప్పుడే ఇడ్లీ తినేస్తున్నాడు" అన్నారు పోటీలు జరిపే భవానీప్రసాద్ గారు.

అందరూ నవ్వారు. మా ఆయన బడిలో సైన్సు చెప్పే మనిషి. అయినా కళ్ళు తెరవలేదు.

"పిలవవే. మీ నాన్నని చంపుకుంటావా?" అంటూ అత్తయ్య పాప రెక్క పట్టుకుని కుదిపారు. పాప ఆవిడ పెదవులకేసి చూసి, బెదిరి, నావైపు చేతులు చాచింది.

"దానికి వినపడదు అత్తయ్యా" అన్నాను. "నాకు తెలుసు. దాచాను."

ఆయన లేచి కూర్చున్నారు, ఎవరూ పిలవకుండానే. ఎప్పట్నుంచి తెలుసని అడిగారు. ఎనిమిది నెలలని చెప్పాను. కోప్పడతారనుకున్నాను, కోప్పడలేదు. పాపను దగ్గరకు తీసుకుంటే ముఖం మీది రంగు దాని గౌనుకంటింది. అత్తయ్య మాత్రం వేళ్ళ మీద రోజులు లెక్కపెడుతున్నారు.

మూడో రోజున విజయవాడ బస్సెక్కాం. ఈ ఒక్కరోజూ ఆగండని, అందులోనూ ఆ దారిన వద్దని అత్తయ్య గుమ్మానికి అడ్డం నిలబడ్డారు. ఆగింది చాల్లే అమ్మా అన్నారాయన. చీటీ నా సంచిలో ఉంది.

నందిగామ దాటగానే ఆయన కిటికీకి తల ఆనించి నిద్రపోయారు. చొక్కా కదులుతోందో లేదోనని చూస్తూ కూర్చున్నాను. కంచికచర్లలో బస్సు ఆగింది. దిగేవాళ్ళు దిగారు. ఆయన కదల్లేదు.

జాహ్నవి నా ఒళ్ళోంచి వంగి ఆయన చెంప మీద రెండుసార్లు కొట్టింది.

"వచ్చేశామా?" అన్నారాయన కళ్ళు తెరిచి.

"లేదండీ, కంచికచర్ల" అన్నాను.

బస్సు కదిలింది. పాప చెయ్యి ఆయన చెంప మీదే ఉంది. ఊరు దాటేదాకా దాన్ని తియ్యనివ్వలేదు నేను.