ఫ్రిజ్ మీద నారింజ బిళ్ళ

సింగపూర్‌లో, జురాంగ్ వెస్ట్‌లోని ఆ ఫ్లాట్‌లో ఫ్రిజ్ తలుపు మీద నాలుగు అయస్కాంత బిళ్ళలుంటాయి: ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు. కాపురానికి వచ్చిన వారానికే వర్షిత వాటిని అతికించింది. ఏ బిళ్ళ పైకెక్కితే ఆ రోజు ఇల్లాలి కోపం ఆ స్థాయిలో ఉన్నట్టు.

ఆ ఆలోచన ఆఫీసు నుంచి తెచ్చుకున్నదే. పాయా లేబర్‌లో ఆమె పనిచేసే ట్రావెల్ కంపెనీ, జావాలో అగ్నిపర్వతాలు చూడ్డానికి జనాన్ని పంపుతుంది. కొండ ఎంత కుదురుగా ఉందో, ఎంత రగులుతోందో అక్కడి అధికారులు నాలుగు స్థాయిల్లో ప్రకటిస్తారు. స్థాయి మారగానే ప్రయాణికుల ఫోన్లకు వెళ్ళే హెచ్చరిక రాసే పని వర్షితకు వచ్చింది. కొత్త ఉద్యోగంలో అచ్చంగా తనదే అయిన మొదటి పని. ఈ మధ్యాహ్నమే మేనేజర్ పునీతకు చూపించాలి. నచ్చకపోతే పని ఇంకొకరి చేతికి పోతుంది.

'మూడో స్థాయి. నారింజ. పర్వతం చురుకుగా ఉంది.'

పొద్దున్నే ఎన్నిసార్లు చదువుకున్నా ఏదో వెలితి. ఆ చిరాకులో, మొగుడు మంచం మీద పడేసిన తడి తువ్వాలు కంటబడింది. నారింజ బిళ్ళ పైకెక్కించి స్నానానికి వెళ్ళింది.

తిరిగొచ్చేసరికి మొగుడు లేడు. గుమ్మంలో చెప్పులూ లేవు. ఫోన్ చేసింది.

"ఎక్కడున్నారండీ?"

"కింద, హాకర్ సెంటర్‌లో, టిఫిన్ కొట్ల దగ్గర," అన్నాడు చక్రధర్. "నారింజ చూశాను. ఇల్లు ఖాళీ చేసేశాను."

"ఖాళీ చెయ్యమని ఎవరన్నారు? తువ్వాలు ఆరెయ్యాలి గానీ!"

"ఆ ముక్క రాయలేదుగా తల్లీ! నీకు కోపమొచ్చిందని తెలిసింది. నేనేం చెయ్యాలో తెలీలేదు. పారిపోవాలా, కాళ్ళ మీద పడాలా?" గొంతులో నిజంగానే దిగులుంది. "ఎందుకైనా మంచిదని వడలు కొన్నాను."

నవ్వబోయిన వర్షిత ఠక్కున ఆగింది. జుట్టు నుంచి నీళ్ళు కారుతుండగానే లాప్‌టాప్ ముందు కూర్చుంది.

మధ్యాహ్నం పునీత తెర మీద చదివింది: 'మూడో స్థాయి. నారింజ. కొండ వైపు వెళ్ళొద్దు. సంచి సర్దుకుని హోటల్లోనే ఉండండి. గైడ్ వచ్చి తీసుకెళ్తారు.'

మలేషియాలోని జొహోర్‌లో పుట్టి పెరిగి, అక్కడివాళ్ళలా మాట చివర 'లా' తగిలించే పునీత తల ఊపింది. "ఇది బాగుంది లా! మా అమ్మ చదివినా ఏం చెయ్యాలో తెలుస్తుంది. ఇదే పంపిద్దాం. ఎట్లా తట్టింది నీకు?"

"మా ఇంట్లో ఒకాయన ఖాళీ చేసి వెళ్ళిపోయారు పునీతక్కా."

"అయ్యో! ఎక్కడికి?"

"వడల కొట్టుకి."

ఆ సాయంత్రం ఫ్రిజ్ మీద బిళ్ళల పక్కన చీటీలు వెలిశాయి. పసుపైతే టీ పెట్టాలి. నారింజైతే తువ్వాలు ఆరేసి వడలు తేవాలి. ఎరుపైతే పక్కన కూర్చోవాలి, నోరు మాత్రం తెరవకూడదు.

మర్నాడు పొద్దున నారింజ బిళ్ళ పైన ఉంది. చక్రధర్ కంగారుగా బాల్కనీలోకి చూశాడు. తువ్వాలు బుద్ధిగా ఆరుతోంది. పెళ్ళాం ముఖంలోకి చూశాడు. పెదవులు బిగబట్టినా నవ్వు కళ్ళల్లోంచి కారిపోతోంది.

"కొండ ప్రశాంతంగానే ఉందే?"

"కొండకి ఆకలేస్తోంది," అంది వర్షిత.

చక్రధర్ చెప్పులేసుకున్నాడు.