చిలక మేత

ఆటలో చిలక ఎప్పుడూ ఆకలితోనే ఉంటుంది. రోజూ ప్రశ్నలకు జవాబిస్తే దానికి ఒక జామపండు పడుతుంది. మానేస్తే ఈకలు రాలి బక్కచిక్కిపోతుంది. పదిహేను నుంచి పందొమ్మిదేళ్ల పిల్లలు మనిషి అడిగితే చెప్పని సంగతులు చిలక అడిగితే చెబుతారని మా సంస్థ నమ్మకం. నిద్ర, నెలసరి, దెబ్బలు, బతకాలని లేకపోవడం, అన్నీ జామపండ్ల మధ్యే అడుగుతాం. సైకాలజీ చదివాను కాబట్టి తెలుగు ప్రశ్నలు నా చేతనే రాయించారు. పల్నాడులో ఆ సర్వే చూసేదీ నేనే.

జవాబులు ఎవరివో మాకు కనబడదు. కాకపోతే, చచ్చిపోవాలనిపిస్తోందన్న వాళ్లకు చిలక ఒక గంట బొమ్మ చూపిస్తుంది. నీతో మాట్లాడటానికి ఎవరినైనా పంపనా అని అడుగుతుంది. గంట నొక్కితే పేరు, వయసు, ఊరు, ఇచ్చిన జవాబులు నా ఫోన్‌కు వస్తాయి.

ఆ ఉదయం వచ్చింది. సాయిసాత్విక, పదిహేడేళ్లు, కారంపూడి.

వెతుక్కుంటూ పోతే పురుగుమందుల దుకాణం తగిలింది. ఇల్లు దాని వెనకే. అరల నిండా ఉన్న సీసాల మీంచి చూపు తిప్పుకోలేకపోయాను. గల్లా దగ్గర కూర్చున్న పున్నారావు, ఆ పిల్ల తండ్రి, కూతురు నరసరావుపేట హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతోందని చెప్పి పత్తి రైతుతో బేరంలో పడ్డాడు. ఆయన భార్య నాగవల్లి మజ్జిగ గ్లాసు తెచ్చింది. ఏదో అనబోయి, భర్త వైపు చూసి, గ్లాసు నా చేతిలో పెట్టి వెళ్లిపోయింది. బిడ్డ మీద బెంగ అనుకున్నాను. మనుషుల ముఖాలు చదవడం నాకు వచ్చని అప్పటికింకా నమ్ముతున్నాను.

నరసరావుపేటలో హాస్టల్ గేటు తీయించడానికి మధ్యాహ్నమైంది. వార్డెన్ నా కార్డు అటూ ఇటూ తిప్పి చూసి, పరీక్షల ముందు ఇవేం ఆటలని సణిగి, చివరికి పిల్లను పిలిపించింది. సాయిసాత్విక నోట్సు చంకలో పెట్టుకుని వచ్చింది. చిలక అనగానే నవ్వింది.

"సెలవల్లో రెండ్రోజులు ఆడా మేడం. ఇక్కడ ఫోన్లు రానియ్యరుగా, ఇంట్లోనే పెట్టొచ్చా."

"మరి రోజూ ఎవరు ఆడుతున్నారు?"

"అమ్మే అయ్యుంటది. చిలక చచ్చిపోకుండా చూడవే, ఏదోటి నొక్కు, మేత పడుద్దని చెప్పొచ్చా." అంతలో ఆ పిల్ల నవ్వు ఆగింది. "ఏం? ఏమైంది?"

ఏం కాలేదన్నాను. అంతకుమించి చెప్పే హక్కు నాకు లేదు.

గేటు బయట నిలబడి ఆ జవాబులు తెరిచాను. ఏదో ఒకటి నొక్కేవాళ్ల వేలు ఒకే చోట పడుతుంటుంది. ఇవి అలా లేవు. ఇంట్లో నీ మాట ఎవరైనా వింటారా అన్నదాని దగ్గర ఆమె పాలు పొంగేంత సేపు ఆగింది. తర్వాత లేదని నొక్కింది.

విజయవాడ ఆఫీసులో మా కోఆర్డినేటర్ శ్రీహర్షకు ఫోన్ చేశాను. వయసు సరిపోదు కాబట్టి అది చెల్లని ఎంట్రీ, కొట్టేస్తే అలారం కూడా పోతుందన్నాడు. ఆమెకు హెల్ప్‌లైన్ నంబర్ ఇచ్చి వచ్చెయ్యమన్నాడు. అతను చెడ్డవాడు కాదు. గొంతులో జాలి కూడా ఉంది. దాంతో నాకు కోపం రెట్టింపైంది. మా లెక్కలో అబద్ధం చెప్పిన పిల్లలంతా చెల్లుతారు. నిజం చెప్పిన ఒక్క మనిషీ పొరపాటు. ఆ లెక్కకు ప్రశ్నలు రాసిచ్చింది నేనే.

మళ్లీ కారంపూడి బస్సెక్కాను.

నాగవల్లి వెనక వసారాలో వెల్లుల్లి ఒలుస్తోంది. పక్కనే ఫోన్ ఉంది. గంట నొక్కింది మీరేనా అక్కా అని అడిగితే తలూపింది. చచ్చిపోవాలనిపిస్తోందా అన్న చివరి ప్రశ్న, నేను రాసిందే, పైకి అడిగాను. నా నోట్లో అది ఎండుటాకులా గలగలలాడింది. ఆమె ఇంకో పాయ అందుకుంది.

"మీరడిగితే నోరు రావట్లామ్మా," అంది చివరికి. "అదడిగితే చెప్పా. పిల్ల పేరు మీదుందిగా. నాది కాదులే అన్నట్టు చెప్పేశా."

ముసుగు వేసుకుంటే మనిషి నిజం చెబుతాడని నేను పరీక్షల్లో రాసి మార్కులు తెచ్చుకున్నాను. ఆ ముసుగు కూతురి పేరు కావచ్చని ఏ పుస్తకంలోనూ చదవలేదు.

పొద్దు వాలుతోంది. మేత వేసే వేళైందని ఆమె చేతులు కొంగుకు తుడుచుకుని ఆట తెరిచింది. కొమ్మ ఖాళీగా ఉంది. 'ఆడినందుకు ధన్యవాదాలు. ఈ ఆట నీ వయసు వారికి కాదు.' శ్రీహర్ష నా కోసం ఆగలేదు.

"నేనేమన్నా తప్పు నొక్కానా?" అంది.

లేదన్నాను. నరసరావుపేట ఆసుపత్రిలో డాక్టరుతో ఇప్పుడే మాట్లాడదాం, నేను పక్కనే ఉంటానన్నాను.

"ఏమని చెప్పి రాను? నాకు బాగలేదంటే మాత్రేసుకుని పడుకోమంటాడు." ఫోన్ బోర్లించింది. "పిల్లకి బాగలేదని చెప్పండి. అయితే పంపుతాడు."

ఆ పేరు చాటున ఆమె మాట కొట్టుకుపోయిందని పొద్దుటి నుంచి మండిపడుతున్న నేనే దుకాణంలోకి వెళ్లి, ఆ పేరే వాడాను. పున్నారావు స్టూలు మీంచి లేచిపోయాడు. జ్వరమా, వాంతులా అని అడుగుతూనే షట్టర్‌కు చెయ్యి వేశాడు. ఆడపిల్లల హాస్టల్లోకి మగవాళ్లను రానియ్యరని చెప్పి ఆయన రాకుండా నాగవల్లే ఆపింది. బస్సు దాకా వచ్చి, పిల్లకు బత్తాయిలు కొనమని రెండుసార్లు చెప్పాడు. ఆ మనిషిలో ఇంత ఆదుర్దా ఉంది. ఆమె దాకా చేరడానికి దానికి దారి లేదు. ఆయన్ను తిట్టుకోవడానికి కూడా నాకు వీల్లేకపోయింది.

నరసరావుపేటలో బస్సు దిగి నేరుగా ఆసుపత్రికి నడిచాం.

ఆసుపత్రిలో చీటీల కిటికీ దగ్గర వెనకవాళ్లు తోసుకుంటున్నారు. పేషెంట్ పేరు, వయసు చెప్పమన్నాడు లోపలి మనిషి.

"సాయి..." అంది నాగవల్లి, ఆగిపోయింది.

నేను చెప్పబోయాను. నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. వేళ్లకింకా వెల్లుల్లి వాసన.

"నాగవల్లి. నలభై ఒకటి."

"వినపడలా. గట్టిగా చెప్పమ్మా," అన్నాడతను.

ఆమె కిటికీకి ఇంకాస్త దగ్గరగా వంగింది.