ఇరవై ఆరు బై ఒకటిన్నర

ఒకటిన్నర అంటే ఒకటిన్నరే కదా, గుడ్డయినా రబ్బరయినా, పాంటు అంచు ఒకటిన్నర మడవమంటే మడిచింది, చంక దగ్గర ఒకటిన్నర వదలమంటే వదిలింది, పద్దెనిమిదేళ్ళలో ఒక్కరు వచ్చి అమ్మా నీ ఒకటిన్నర వేరు నా ఒకటిన్నర వేరు అన్న పాపాన పోలేదు, మరి ఈ సైకిలు టైరు ఎందుకు ఎక్కదు, ఒకవైపు అంచు రిమ్ములో కూర్చుంటే రెండోవైపు లేచి నిలబడుతుంది, అటు మోకాలితో అదిమితే ఇటు పాములా జారిపోతుంది, కొత్త రబ్బరు వాసన బాల్కనీ అంతా పట్టేసింది, అరచేతులు అప్పుడే నల్లబడ్డాయి, రేపు ఈ చేతులతో ఎవరి తెల్లచొక్కా పట్టుకుంటుందో ఏమో, గోళ్ళకింద మసి చూస్తే కుట్టు దుకాణంలో పెద్దాయన ముక్కు చిట్లిస్తాడు, చిట్లించనీ, ముందు ఇది ఎక్కాలి, ఇది ఎక్కితే చైను, చైను తర్వాత వెనక పళ్ళచక్రం, అది తన వల్ల కాదు, దానికి తమ్ముడే లేవాలి, అసలు ఈ పెట్టెలు, ఈ పార్సిళ్ళు, ఈ ఆదివారం పొద్దుటి కుస్తీ, అంతా వాడు లేవడానికే కదా.

లోపల మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు తమ్ముడు, బాల్కనీ తలుపు తీసే ఉంది, ఆమె కావాలనే తీసి ఉంచింది, ఇక్కడినుంచి వాడి పాదాలు రెండూ కనిపిస్తున్నాయి, ముప్పై నాలుగేళ్ళ మనిషి పాదాలు ఇంత తెల్లగా ఎప్పుడయ్యాయో, ఏడు నెలలు ఎండ తగలకపోతే అవుతాయి కాబోలు, ఇందాక పానా ఒకటి చేయిజారినట్టు నేలమీద పడేసింది, కాసేపాగి ఇంకోటి పడేసింది, ఆ పాదాలు కదల్లేదు, ఒకప్పుడయితే పని చేసుకుంటూ తల తిప్పకుండానే అరిచేవాడు, అది పదమూడో నంబరు పానా, ఎవడ్రా పడేసింది అని, చప్పుడు విని నంబరు చెప్పేవాడు, మెట్ల కింద వాడి సైకిలు దుకాణంలో ఇద్దరు నిలబడితే మూడోవాడు రోడ్డు మీద నిలబడాలి, అయినా వాడి నోరు వీధి చివరిదాకా ఉండేది, దారిన పోయే ముక్కూ మొహం తెలియని మనిషి సీటు కాస్త కిందికుంటే చాలు, అయ్యా ఆగండాగండి, సైకిలు మీదైతే అయింది, మోకాళ్ళు కూడా మీవే కదండీ, అంటూ పరిగెత్తి ఆపి, సీటు రెండు వేళ్ళు పైకెత్తి బిగించి పంపేవాడు, పైసా అడిగేవాడు కాదు, ఇలాగయితే నువ్వు బాగుపడినట్టేరా అని తను నెత్తి కొట్టుకుంటే, కొలత తప్పి పోతుంటే చూస్తూ ఎలా ఊరుకుంటానక్కా, నువ్వయితే కాలరు వంకరగా ఉన్న చొక్కా ఇచ్చి పంపిస్తావా అనేవాడు.

ఆ తర్వాత రోజుల్లో జనం పార్సిళ్ళు పట్టుకొచ్చేవాళ్ళు, ఫోనులో కొనుక్కున్న పెడళ్ళు, ఫోనులో కొనుక్కున్న బ్రేకు రబ్బర్లు, బిగించి పెట్టవయ్యా చాలు అనేవాళ్ళు, వాడు బిగించేవాడు, తనతో మాత్రం, బొమ్మ చూసి పార్టు కొనడమూ ఫొటో చూసి పెళ్ళాడడమూ ఒకటేనక్కా, ఇంటికొచ్చాక గానీ మెల్లకన్ను కనపడదు అని నవ్వేవాడు, ఆ నవ్వు ఎక్కడ ఆగిందో తనకు తెలియదు, తెలుసుకోవలసింది, పండక్కో పబ్బానికో కాదు, వారం వారం చూస్తూనే ఉంది, చూస్తూ ఉండి కూడా చిక్కిపోయావేరా అని మాత్రమే అంది, బిగించమని వచ్చేవాళ్ళు కూడా పలచబడ్డారు, మెట్ల కింద చోటు ఇంకెవరికో కావలసి వచ్చింది, వాడు పనిముట్ల పెట్టె ఒకటి, చొక్కాలు రెండు పట్టుకుని వచ్చాడు, నాలుగు రోజులుంటానక్కా అన్నాడు, ఆ నాలుగు రోజులు ఇంకా అవలేదు.

సలహాలు ఇవ్వకండమ్మా, చేతులకు పని ఇవ్వండి, అంది తమ్ముణ్ణి చూసే డాక్టరమ్మ, మందులు మందుల పని చేస్తాయి, మిగతాది చేతులు చేస్తాయి, ఆ మాటకు ఆమె తల వంచుకుంది, ఆరు నెలలు తను ఇచ్చింది సలహాలే మరి, స్నానం చెయ్యరా, కాస్త అలా తిరిగి రారా, పక్కింటాయన చూడు ఎలా ఉన్నాడో, ఎన్ని రాళ్ళు వేసిందో ఆ బావిలో, ఒక్క చప్పుడూ రాలేదు, అందుకే ఆ సాయంత్రం మంచం పక్కన కూర్చుని ఒరేయ్ నా మోకాళ్ళు పోతున్నాయిరా అంది, దుకాణానికి వెళ్ళే దారిలో వంతెన ఎక్కలేకపోతున్నాను, ఈ ముసలి సైకిలుకు కాస్త తేలికయ్యేట్టు ఏమన్నా చేసి పెట్టరా, సామాను నేను తెప్పిస్తాను, పెద్ద ఖర్చు వద్దు, ఉన్నదాన్నే బాగుచేద్దాం, వాడు చాలాసేపు పైకప్పు చూసి, చూద్దాం అక్కా, అన్నాడు, ఆ చూద్దాం ఒక్కటి పట్టుకుని ఆమె జానెడు గుడ్డతో బారెడు చొక్కా కుట్టేసుకుంది.

మూడు వారాలు, మధ్యాహ్నం దుకాణంలో అందరూ తింటుంటే తను కుట్టుమిషనుకు ఫోను ఆనించి, పెదాల మధ్య గుండుసూదులు అలాగే ఉంచుకుని, వేలితో బొమ్మలు జరుపుతూ కూర్చుంది, తక్కువ ధర నుంచి ఎక్కువకు అని నొక్కితే ముందు బోల్టులు వచ్చేవి, తర్వాత గంటలు, తర్వాత పెడళ్ళు, ఒక్కో మెట్టూ ఎక్కుతున్నట్టుండేది, వెనక చక్రానికి పళ్ళు ఎక్కువైతే ఎత్తు తేలిగ్గా ఎక్కవచ్చని అక్కడే నేర్చుకుంది, ఎవరెవరో ఊరూ పేరూ తెలియని వాళ్ళు రాసిన నాలుగు ముక్కలు కథల్లా చదివింది, రెండు నెలలకే తుప్పు పట్టింది అని ఒకరు, మా ఆవిడ మళ్ళీ తొక్కుతోంది అని ఒకరు, ఆ రెండో ఆయన కొన్న పళ్ళచక్రమే తనూ కొంది, గుండీలు కుట్టే ఆవిడ పక్కనుంచి తొంగిచూసి ఏంటమ్మా ఒక్కదానివే నవ్వుకుంటున్నావు, ఈ వయసులో ఎవరు రాస్తున్నారేంటి అంది, చైను అని చెప్తే, పోనీలే బంగారందేనా అంది, అందరూ పడిపడి నవ్వారు, తనూ నవ్వింది, బుట్టలో పెట్టడం, తీసేయడం, తెల్లారేసరికి ధర తగ్గిందేమోనని చూడడం, అక్కర్లేకపోయినా ఒక గంట కూడా కొనేసింది, దాని మోత వీడియోలో ఎంత బాగుందో, టైర్లు మాత్రం ఆఖర్న కొంది, పాత టైరు మీద తడిగుడ్డ పెట్టి తుడిచి, ఉబ్బెత్తుగా ఉన్న అంకెలు వేలితో తడిమి చదువుకుంది, ఇరవై ఆరు, గుణకారం గుర్తు, ఒకటి, పక్కన చిన్నగా ఒకటి కింద గీత కింద రెండు, ఫోనులో ఇరవై ఆరు, ఒకటి, చుక్క, ఐదు, సగం అంటే చుక్క ఐదే కదా, ఇది కూడా తెలియకపోతే తను టేపు మెడలో వేసుకు తిరగడం దేనికి.

ఇదుగో ఈ చెంచాలతో ప్రయత్నించు, అంటూ బాల్కనీలోకి వచ్చాడు వాళ్ళాయన, స్కూలు వ్యాను తోలే మనిషి, నాలుగు చక్రాల టైరు కళ్ళు మూసుకుని మారుస్తాడు, రెండు చక్రాలది నాకు నామోషీ అంటూనే పక్కన చతికిలబడ్డాడు, ఇద్దరూ చెరోవైపు చెంచా కాడలు దూర్చి లాగారు, ఏమే, ఇది పదేళ్ళ పిల్లాడికి పురిటిబిడ్డ చొక్కా తొడుగుతున్నట్టుంది, నువ్వు కొలతలు తీసింది టైరుకేనా లేక ఏ గాజుకైనా తీశావా, అన్నాడు రొప్పుతూ, మాట్లాడకుండా లాగండి మీరు, లాగుతూనే ఉన్నానుగా, చెంచా కాడ కిర్రుమని వంగిపోయింది, ఆయన దాన్ని ఎండకేసి ఎత్తి చూసి, గొంతు తగ్గించి, వాణ్ణే అడగరాదూ, అన్నాడు, వాడంతట వాడు రావాలండీ, పిలిస్తే మళ్ళీ నా మాట కోసం వచ్చినట్టవుతుంది, నీ ఇష్టం, మంచం ఎంతో దూరం లేదు మరి, ఎనిమిది అడుగులుంటుందేమో, నేను టేపు పెట్టి కొలవలేదు, నీ అంత చదువుకోలేదు, అని లేచి చొక్కా ఇస్త్రీ చేసుకోవడానికి వెళ్ళిపోయాడు, ఆయనకు కోపం లేదు, ఆయనకు ఎప్పుడూ కోపం రాదు, వస్తే బాగుండును, ఇంట్లో ఎవరో ఒకరు గట్టిగా అరిస్తే ఆ పాదాలు కదిలేవేమో.

అమ్మినవాళ్ళకు ఫోను చేస్తే చాలాసేపు పాటలేని సంగీతం మోగింది, తర్వాత ఒక చిన్నపిల్ల గొంతు, నిద్రలేమి గొంతు, చెప్పండి మేడమ్ అంది, టైరు ఎక్కడం లేదంటే పాత టైరు మీద ఎలా రాసుందో అలాగే చదవమంది, చదివింది, అయ్యో మేడమ్, అంది ఆ పిల్ల, మీది గీతతో రాసింది, మీరు తెప్పించుకున్నది చుక్కతో ఉంది, రెండూ సగమే కదమ్మా, నేను టైలర్ని, నాకు తెలియదా, లెక్కల్లో ఒకటే మేడమ్, సైకిళ్ళలో కాదు, ఎప్పుడో పూర్వం రెండు రకాల వాళ్ళు రెండు రకాలుగా రాసుకున్నారు, అలాగే ఉండిపోయింది, మీ రిమ్ము పెద్దది, ఈ టైరు చుట్టు చిన్నది, అడ్డంగా కొలిస్తే అంగుళం తేడా ఉంటుంది, ఎంత లాగినా ఎక్కదు, గాట్లేమన్నా పడి ఉంటే వెనక్కి కూడా తీసుకోలేం మేడమ్, సారీ, ఇది ఏ మెకానిక్కైనా చెప్తారు, ఆర్డరు పెట్టేముందు ఒక్కసారి ఎవరికైనా చూపించాల్సింది.

చూపించింది, ఆ పిల్ల ఫోను పెట్టేశాక కూడా ఆమె దాన్ని చెవికి ఆనించుకునే ఉంది, చూపించింది కదా, కిందటి బుధవారం, అన్నం తిన్నాక, మంచం పక్కన నేలమీద కూర్చుని ఒరేయ్ చూడరా అని ఫోను వాడి చేతికిచ్చింది, వాడు తీసుకున్నాడు, రెండు వేళ్ళతో బొమ్మ పెద్దది చేశాడు, టైరు పక్కన అంకెల దగ్గర ఆగాడు, తను వాడి కళ్ళే చూస్తోంది, ఆ కళ్ళు ఆ అంకెల మీద ఆగడం చూసి లోపల ఏదో దీపం వెలిగినట్టయింది, ఎన్నాళ్ళకు చూశాడు ఒక వస్తువును వస్తువులా అనుకుంది, మన పాత రిమ్ముకు ఇదేనా అని అడిగింది, వాడు బొమ్మ మళ్ళీ చిన్నది చేసి, తెప్పించుకో అక్కా, అన్నాడు, మరిచిపోయి ఉంటాడు, అంతే, మందుల మత్తు, రాత్రి మందు వేసుకుంటే తెల్లారి తన పేరే మరిచిపోయేట్టు ఉంటాడు, పద్నాలుగేళ్ళు చేసిన పని అయినా సరే ఏడు నెలల్లో కొట్టుకుపోదా, పోతుంది, పోయే ఉంటుంది, భగవంతుడా, పోయే ఉండాలి, ఒక తోబుట్టువు ఇలా కూడా కోరుకుంటుందా, మరిచిపోయి ఉండాలి వాడు.

లేచింది, ఎనిమిది అడుగులు, ఆయన చెప్పింది నిజమే, టైరు చేతిలోనే ఉంది, మంచం అంచున కూర్చుంటే వాడు కాస్త గోడవైపు జరిగి చోటిచ్చాడు, ఎప్పుడూ ఇస్తాడు, ఒరేయ్, ఒకటిన్నర గీతతో రాసినా చుక్కతో రాసినా ఒకటేనారా, అంది మామూలుగా, వానొస్తుందేమోరా అన్నట్టు, వాడు తిరగలేదు, కాదక్కా, గీతది ఐదొందల ఎనభై నాలుగు, చుక్కది ఐదొందల యాభై తొమ్మిది, మిల్లీమీటర్లు, గుక్క తిప్పుకోకుండా చెప్పాడు, ఎక్కదది, చెంచాలు వంగుతాయి గానీ, అంటే విన్నాడు, పొద్దుటినుంచీ ప్రతీ చప్పుడూ విన్నాడు, పానాల చప్పుడు కూడా, మరి ఆరోజు చూపిస్తే తెప్పించుకోమన్నావేంరా, అంది, పక్కగదిలో ఇస్త్రీపెట్టె ఆవిరి బుస్సుమంది, మళ్ళీ బుస్సుమంది, ఆ తర్వాత వాడు గోడతో చెప్తున్నట్టు అన్నాడు, ఎంత సంతోషంగా ఉన్నావో అక్కా, కాదంటే మళ్ళీ మొదటినుంచీ వెతుక్కోవాలి పాపం, అని.

పాపం అన్నాడు తనను, ముక్కూ మొహం తెలియని వాడి సీటు రెండు వేళ్ళు కిందికుంటే రోడ్డుకు అడ్డంపడి ఆపినవాడు, అంగుళం తేడా కళ్ళారా చూసి ఊరుకున్నాడు, కొలత తప్పితే ఎవరికి పట్టింపు, కత్తెర పట్టేవాళ్ళకే కదా, కుట్టేది లేనప్పుడు మూర తప్పినా బార తప్పినా ఒకటే, ఆ బుధవారం తను వాడి కళ్ళలో చూసింది దీపం కాదు, వాడు తన మొహాన్ని చూడడమే తను చూసింది, వాడు చేతులకు పని దొరికిందని కాదు అక్కకు కాలక్షేపం దొరికిందని ఊరుకున్నాడు, ఆడుకుంటున్న పిల్లను కదపకుండా పెద్దవాళ్ళు పక్కనుంచి తప్పుకుపోతారే అలాగ, మూడు వారాలూ మంచం మీదనుంచి తనను కనిపెట్టుకుని ఉన్నది వాడు, ఆమె టైరు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, ఇంకేమీ అడగాలని లేదు, అడిగితే చెప్తాడు, ఇప్పుడయితే అన్నీ చెప్పేస్తాడు, వద్దు, చైను చూపించినా గంట చూపించినా వాడు తెప్పించుకోమనే అంటాడు, ఎంతో ప్రేమగా అంటాడు, కానీ వాడు లేవడు, ఆ సంగతి వాడికి ఆ బుధవారమే తెలుసు, తన మొహంలోకి చూసి చెప్పలేకపోయాడు, అంతే.