ఓడినవాళ్ళ రాజ్యం

ముందే ఒప్పేసుకుంటాను: నేనిప్పటికి చాలా దేశాల్ని పాలించాను. ఒక్కటీ మ్యాప్‌లో లేదు.

కంప్యూటర్ చదువు చదివిస్తే ఏ బ్యాంకుకో సాఫ్ట్‌వేర్ రాస్తాననుకున్నారు మావాళ్ళు. నేనేమో ఒక గేమ్ కంపెనీలో కూర్చుని డ్రాగన్లు తిరిగే లోకాలకి ప్రభుత్వాలు తయారుచేస్తుంటాను. వానొస్తేనే కొలువుతీరే పార్లమెంటు, నిద్రలో మాట్లాడేవాళ్ళే మంత్రులయ్యే దేశం... అదీ వరస. దీన్ని కూడా ఉద్యోగమంటారంటే నాన్న ఇప్పటికీ నమ్మడు.

ఈసారి చేసినది నాకు అన్నిటికన్నా ముద్దు. ఆ దేశంలో వాదనలో ఓడినవాళ్ళే సింహాసనం ఎక్కుతారు. ఎదుటివాళ్ళదే నిజమని ఒప్పుకున్న మరుక్షణం కిరీటం నీదే. తప్పు ఒప్పుకోగలిగే మనిషికే అధికారం ఇవ్వాలని నా ఆశ. మా టీమ్ లీడ్‌ని మేం చాటుగా 'బ్రేకు' అంటాం. ఆయన మొత్తం విని పెదవి విరిచాడు.

"ఇది ఆటలో నిలబడదమ్మా. సోమవారానికి నిలబెట్టి చూపించు. లేదంటే మామూలు రాజుని పెట్టేద్దాం, గడ్డంతో సహా."

మామూలు రాజు! గడ్డంతో! ప్రాణం ఉసూరుమంది.

అందుకే ఆదివారం ఇంట్లోవాళ్ళని డైనింగ్ టేబుల్ చుట్టూ కూర్చోబెట్టాను. నాన్న లిఫ్టులు బాగుచేస్తాడు. ఊరందర్నీ కిందికి దింపుతాడుగానీ, వాదనలో తను మాత్రం దిగిరాడు. నాన్నకి అక్క, అంటే మా అత్త, మందుల షాపు నడుపుతుంది. డాక్టర్ల చేతిరాతకే లొంగని మనిషి తమ్ముడికి లొంగుతుందా? అమ్మ కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తుంది. ఇంట్లో ఏ గొడవొచ్చినా "సరే" అనేసి లేచి వెళ్ళిపోతుంది.

చొక్కా బొత్తాలు పావులు, వంటింటి స్టూలు సింహాసనం, బట్టల క్లిప్పుల బుట్ట కిరీటం.

"నది మీద వంతెన కట్టాలా, పడవలు చాలా?" నేను రాసుకొచ్చిన మొదటి సమస్య చదివాను.

"వంతెనే," అన్నాడు నాన్న.

"పడవలే. వంతెన కడితే రిపేరని చెప్పి నీలాంటివాళ్ళు నెలల తరబడి మూసేస్తారు," అంది అత్త.

"సరే, వంతెనే," అంది అమ్మ. కిరీటం అమ్మకి.

డ్రాగన్‌ని ఊళ్ళోకి రానివ్వాలా? "సరే, రానివ్వండి." మళ్ళీ అమ్మకే. మూడోసారికి మిగతా ఇద్దరికీ కిటుకు అర్థమైంది.

"నేనే ఓడాను!" అని నాన్న టేబుల్ చరిచాడు.

"నువ్వేంట్రా ఓడేది? పుట్టి బుద్ధెరిగి ఒక్కసారైనా ఓడావా? ముందు ఓడింది నేను!"

"అక్కా, తొండి చెయ్యకు!"

"సరే, ఇద్దరూ ఓడారు," అంది అమ్మ. తనే మళ్ళీ రాణి.

ఒక్కరే ప్రతిసారీ గెలిచే ఆటని బ్రేకు చెత్తబుట్టలో వేస్తాడు.

"అమ్మా, కాస్త వాదించు. ఇలా సరే సరే అంటే నా ప్రభుత్వం కూలిపోతుంది."

అమ్మ నెత్తిమీద బుట్ట సర్దుకుంది. "ఇన్నేళ్ళుగా సరే అంటున్నాను. ఇన్నాళ్ళకి దానికో కుర్చీ దొరికితే దిగమంటావేంటే? ఇదిగో, రాణిగారి ఆజ్ఞ. రాణి ఈత నేర్చుకుంటుంది."

"అది ఆటలో లేదు!" అన్నాడు నాన్న.

"నది ఉందిగా."

"ఆ సంగతి మొన్నే తేలిపోయింది కదా. ఈ వయసులో ఎందుకన్నాను, నువ్వూ ఒప్పుకున్నావ్."

అత్త పకపకా నవ్వింది. "నా మరదలు ఎప్పుడు ఒప్పుకుందిరా? సరే అంది. అంటే 'ఇక చాలు, నోరు ముయ్యండి' అని. ఇన్నేళ్ళు కాపురం చేసి అదీ తెలీదా?"

నా చేతిలో బొత్తం ఆగిపోయింది. కోడ్‌లో తప్పెక్కడుందో దొరికినప్పుడు ఒళ్ళు ఝల్లుమంటుంది చూడండి, అలా. నా దేశం ఓటమి ఒప్పుకున్నవాళ్ళకి కాదు, విసిగిపోయినవాళ్ళకి కిరీటం పెడుతోంది!

"కొత్త రూలు," అన్నాను. "సరే అంటే చెల్లదు. ఎదుటివాళ్ళ మాటని మీ నోటితో చెప్పాలి. వాళ్ళు 'అవును, నేనన్నది అదే' అంటేనే ఓడినట్టు. సమస్య, రాణిగారి ఈత. నాన్నా, నీ వంతు."

"ఇదెంతసేపు? నడుం నొప్పికి మంచిదని."

"కాదు," అంది అమ్మ.

"షాపులో ఎవరో నేర్చుకుంటున్నారని సరదా."

"కాదండీ."

"లిఫ్టు ఇరుక్కుంది," అంది అత్త.

నాన్న నవ్వలేదు. బొత్తాన్ని వేళ్ళ మధ్య తిప్పుతూ కూర్చున్నాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "రోజంతా తల వంచుకుని అద్దాలే చూస్తావు. నీళ్ళ మీద వెల్లకిలా పడుకుని, కాసేపు దేన్నీ చూడకుండా ఉండాలనుంది నీకు. ఎవరూ పిలవనిచోట."

అమ్మ నాన్న వైపు తిరిగింది.

"అవును," అంది. "నేనన్నది అదే. మరి మొన్న వినలేదేం?"

"విన్నాను. వాదించే పనిలో ఉన్నానంతే."

అమ్మ బుట్ట తీసి నాన్న నెత్తిన పెట్టింది. ఒక క్లిప్పు జుట్టుకి పట్టేసుకుంది. "రాణి ఈతకెళ్ళాలి," అని ఆజ్ఞ వేశాడు రాజు, అది పీక్కుంటూనే. "రాజు గట్టున తువ్వాలు పట్టుకుని కూర్చోవాలి."

సోమవారం ఆఫీసులో, కొత్త రూలుతో బ్రేకు ఆడాడు. గడ్డం రాజు మేలంటూ నాతో పోట్లాడి, విసుగొచ్చి "సరే సరే" అన్నాడు. కిరీటం రాలేదు. మళ్ళీ అన్నాడు. రాలేదు. కుర్చీ వెనక్కి జరిపి, చాలాసేపు స్క్రీను చూశాడు.

"ఓడిపోవడమే అన్నిటికన్నా కష్టం, అది చేతనైనవాడికే కుర్చీ ఇవ్వాలి. అంతేనా నువ్వనేది?"

"అవును సార్. నేనన్నది అదే."

కిరీటం ఆయనకి, దేశం నాకు.

అమ్మిప్పుడు తేలుతోంది. నాన్న గట్టున తువ్వాలు పట్టుకుని, ఈత నేర్పే ఆవిడతో వాదిస్తున్నాడు.

మరి మీ ఇంట్లో ఏ ప్రభుత్వం నడుస్తోంది? "సరే" శాఖ ఎవరి చేతిలో ఉంది? వాళ్ళు చివరిసారి సరే అన్నది దేనికి? నాకు రాసి పంపండి. ముందు వాళ్ళనే అడిగి రాయండి.